‘కజె తచిను’ తర్వాత వచ్చేది ‘ఇకినెబ’నా, ‘ఇకిమె యామొ’నా?

సాగరతీరం:
మూడు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. జపాన్ యానిమేషన్ దర్శకుడు మియజాకి 2013 సినిమా, జీరో యుద్ధవిమానాన్ని రూపొందించిన హోరికొషి జిరో కథ. రైల్లో జిరో టోపీ గాలికి ఎగిరిపోతుంది, పక్క పెట్టె దగ్గర నిలబడ్డ అమ్మాయి దాన్ని పట్టుకుని ఫ్రెంచిలో సగం వాక్యం అంటుంది, మిగతా సగం ఇతను అందిస్తాడు. దాని జపనీసు రూపంలోంచే సినిమాకు పేరు: కజె తచిను. ఆ తర్వాత ‘ఇజా ఇకి...’ దాకా వచ్చి ఆగిపోతున్నాను. పోస్టర్ మీద ‘ఇకినెబ’ అని ఉండేది, అదేనా? ఇంకో అనుమానం కూడా ఉంది. జపనీసు క్లాసులో మాకు చెప్పింది క్రియ చివర ‘ను’ వస్తే లేదు, కాదు అని. షిరను అంటే తెలియదు. మరి కజె తచిను అంటే గాలి లేవలేదు అని కదా రావాలి?

పాతనిఘంటువు:
అది ఇకిమె యామొ. ఫ్రెంచి కవి పోల్ వలెరీ 1920లో రాసిన సముద్రతీర శ్మశానం కవితలో చివరి చరణంలోది ఆ ఫ్రెంచి వాక్యం, హోరి తత్సువో తన నవలలో దాన్ని ‘కజె తచిను, ఇజా ఇకిమె యామొ’ అని జపనీసు చేశాడు. ఇకినెబ సినిమా ప్రచారానికి వాడిన మాట, బతకకపోతే కుదరదు అనే అర్థం. మియజాకి నౌషికా బొమ్మల కథ 1994లో ముగిసినప్పుడు చివరి మాట కూడా ఇదే.

ఇక మీ ‘ను’. ఇది కాదు అనే ‘ను’ కాదు, పాత భాషలో పని అయిపోయిందని చెప్పే ‘ను’. ముందున్న అచ్చు చూడండి. తచి+ను అయితే లేచింది, తత+ను అయితే లేవదు. మనకు లేచెను, లేవను ఉన్నాయి కదా, రెండింటి చివరా ‘ను’నే, అవునో కాదో చెప్పేది దాని ముందున్న భాగం. అచ్చం అదే పని.

సాగరతీరం:
లేచెను, లేవను! ఇంత దగ్గరగా ఉందని తట్టనే లేదు మాస్టారూ, ఈ జన్మలో ఇక మర్చిపోను.

ఒసాకా నుంచి:
‘ను’ సంగతి సరే, అసలు గొడవ యామొ దగ్గర. మె యామొ అంటే పాత కవిత్వంలో ‘అవుతుందా? కాదు’ అని ఎదురు ప్రశ్న. మన్యోషూ అనే పాత జపనీసు పద్య సంకలనంలో యమనొఉఎ నొ ఒకుర పద్యం చూడండి, వెండీ బంగారమూ మణులూ ఎందుకు, ఎంత గొప్ప నిధి అయినా బిడ్డకు సాటి వస్తుందా అంటాడు, చివరి మాట షికమె యామొ. సాటి రాదు అనే దాని అర్థం. ఆ లెక్కన ఇకిమె యామొ అంటే బతుకుతామా, బతకం అని. వలెరీ చెప్పింది బతకడానికి ప్రయత్నించాలి అని. అందుకే భాషావేత్త ఓనో సుసుము, నవలాకారుడు మరుయా సాయిచి దీన్ని తప్పు అనువాదం అన్నారు. నేనూ వాళ్ల పక్షమే.

పోతనపక్షం:
తమ్ముడూ, నువ్వు చెప్పిన యామొ మన ఏకారమే. మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు. పోతుందా, పోదు. తర్వాతి పాదంలో రాయంచ సనునే తరంగిణులకు. ఒక్కొక్క పాదానికీ ఆ ‘నే’ పడుతుంటే ప్రహ్లాదుడు గురువు ముందు నిలబడి ఎంత మెత్తగా కాదంటున్నాడో చెవికి తెలుస్తుంది, ఒక్కచోట కూడా ‘పోదు’ అనే మాట రాదు. చిన్నప్పుడు మా తాతయ్య ఈ పద్యం చదువుతూ ‘నే’ దగ్గర ఒక క్షణం ఆగేవాడు, మేం పిల్లలం తల అడ్డంగా ఊపేవాళ్లం. కాబట్టి హోరి వాక్యం తెలుగులో ‘గాలి లేచెను, బ్రతుకుదుమే’.

పాతనిఘంటువు:
బాగుందమ్మా, కానీ ఒక చిక్కు. ఏకారం ప్రశ్నకే కాదు, అవధారణకూ వస్తుంది. బ్రతుకుదుమే అంటే బతుకుతామా అనీ అవుతుంది, బతికే తీరతాం అనీ అవుతుంది.

పోతనపక్షం:
నాకు కావలసింది సరిగ్గా ఆ చిక్కే! హోరిది తప్పు అనువాదం అనేవాళ్లు ‘ఇజా’ను ఎందుకు వదిలేస్తారు? ఇజా అంటే రండి, పదండి అని పిలుపు. పదండి అని పిలిచి వెంటనే బతకం అంటాడా ఎవరైనా? హోరి ఎలాంటి స్థితిలో ఉన్నాడో చూడండి. కాబోయే భార్య 1935 డిసెంబరులో క్షయతో శానిటోరియంలోనే పోయింది. అతనికీ అదే జబ్బు, 1953లో దానితోనే పోయాడు. బతకాలి అని గట్టిగా అనడానికి నోరు రాని మనిషి వాక్యం అది. ఇజాలో ఆశ, యామొలో భయం. కలడు కలండనెడి వాడు కలడో లేడో అన్నప్పుడు గజేంద్రుడు దేవుడు లేడని తేల్చేశాడా?

ఒసాకా నుంచి:
అక్కా, కలడో లేడో అనేది సందేహం, షికమె యామొ నిరాకరణ. రెండూ ఒకటి కావు. ప్రియురాలు పరుల భార్య అయినా ఓఅమ రాజకుమారుడు ‘కొయిమె యామొ’ అన్నాడు, నిన్ను ద్వేషిస్తే ఇలా ప్రేమిస్తానా అని. అక్కడ సందేహం ఎక్కడుంది? కవి బాధను తెచ్చి వ్యాకరణాన్ని మార్చలేం.

పోతనపక్షం:
మన్యోషూ ఎనిమిదో శతాబ్దం నాటి సంకలనం, హోరి నవల 1930లలోది. మధ్యలో వెయ్యేళ్లకు పైన గడిచాయి. పాత మాట కొత్త నోట్లో పడ్డాక అర్థం ఒక్క మెట్టు కూడా కదలకూడదంటే ఎలా?

గోదారిగట్టు:
మధ్యలో వస్తున్నా. ఓనో సుసుము అంటే జపనీసుకూ తమిళానికీ చుట్టరికం ఉందన్న ఆయనే కదా? భాషాశాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను, కానీ ఒక్క పోలిక మాత్రం ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రయత్నించడం అనడానికి వాళ్లు తబెతె మిరు అంటారు, తిని చూడటం. మనమూ తిని చూడు, రాసి చూడు అంటాం. వలెరీ వాక్యంలో ప్రయత్నించు అనే క్రియ ఉంది, హోరి దాన్ని వదిలేశాడు. మన భాషలో దానికి చోటు రెడీగా ఉంది. ‘గాలి లేచింది, బతికి చూద్దాం.’

సాగరతీరం:
బతికి చూద్దాం! ఇది చదవగానే ఒళ్లు జలదరించింది.

పాతనిఘంటువు:
వలెరీకి సరిపోయింది, ఒప్పుకుంటాను. హోరికి సరిపోలేదు. యామొ ఏది?

ఒసాకా నుంచి:
అక్షరాల మీద ఇంత పట్టుదల ఎందుకు అనేవాళ్లకు ఒక సంగతి. సినిమా చివర్లో నహోకో, అంటే రైల్లో టోపీ పట్టుకున్న ఆ అమ్మాయి, జిరోతో ‘ఇకితె’ అంటుంది, బతుకు అని. స్టోరీబోర్డులో మొదట ఉన్నది ‘కితె’, రా అని. అంటే జిరో కూడా పోయాడు, ఆమె అటునుంచి పిలుస్తోంది. ముందు ఒక ‘ఇ’ చేర్చారు, అంతే, చచ్చినవాడు బతికినవాడయ్యాడు. తెలుగులో ‘రా’ను ‘బతుకు’గా మార్చాలంటే మాటకు మాట తీసేయాలి, ఒక్క అచ్చుతో పని జరగదు.

పోతనపక్షం:
చూశావా తమ్ముడూ! చావు వైపు పిలిచే మాట ముందు ఒక్క అక్షరం పెట్టి బతుకు వైపు తిప్పాడు మియజాకి. యామొ ముందు ఇజా పెట్టి హోరి చేసిందీ అదే అంటున్నా నేను.

ఒసాకా నుంచి:
అక్కా, ‘ఇకితె’లో ‘ఇ’ మాటలో భాగం, ‘ఇజా’ విడి మాట.

సాగరతీరం:
నాకు ఇంకా తేలలేదు. నోట్‌బుక్‌లో ప్రస్తుతానికి ‘గాలి లేచెను, బ్రతుకుదుమే’ రాసుకుని పక్కన ‘బతికి చూద్దాం’ పెన్సిల్‌తో రాశాను. ఆ ‘మే’ పైకి పలికేటప్పుడు గొంతు పైకి లేపాలా, కిందికి దించాలా? మాస్టారూ, మీరు ఎలా చదువుతారు?