అప్‌డేట్: మా బుజ్జి కరోనా రిపోర్టు సంగతి

పోయిన వారం అడిగాను కదా, కావలిలో మా పిల్లి బుజ్జికి పది రోజులుగా విరేచనాలు, రక్తపరీక్షలో పిల్లుల కరోనా యాంటీబాడీ పాజిటివ్, ఇక బతకదా అని. బతికే ఉంది. ఇది రాస్తుంటే వంటింట్లో చేపల గిన్నె చుట్టూ తిరుగుతోంది.

నెల్లూరులో ఇంకో డాక్టరుగారికి చూపించాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టి ముందు జ్వరం చూశారు, పొట్ట నొక్కి చూశారు, స్కాన్ తీసి నీరు చేరలేదన్నారు. యాంటీబాడీ ఉందంటే ఆ వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందనే అర్థమట. అది మామూలు పేగుల కరోనానా, అదే వైరస్ ఒంట్లో మారి ప్రాణం మీదికి తెచ్చే ఎఫ్‌ఐపీ అనే జబ్బా అన్నది ఆ పరీక్ష ఒక్కటే తేల్చలేదు. వైరస్ సోకిన పిల్లుల్లో ఎఫ్‌ఐపీ దాకా పోయేవి కొన్నే. మొదటి చోట ఈ ముక్క చెప్పి ఉంటే మూడు రాత్రులు ఆ టెన్షన్ తప్పేది.

మనుషుల కోవిడ్ వేరు, ఇది వేరు. అమ్మ మాత్రం రెండు రోజులు మాస్కు తీయలేదు!

ఈ వైరస్ ఎక్కువగా మలం ద్వారానే పాకుతుందట. అందుకే రెండో పిల్లికి ఇసుక ట్రే వేరు చేశాం. అది మాత్రం రోజూ బుజ్జి ట్రేలోకే పోతోంది.