బియ్యం సంచుల డిజైన్లు పోర్ట్‌ఫోలియోలోంచి తీసేయాలా? (టొరంటో ప్రాంతం, గ్రాఫిక్ డిజైన్ ఉద్యోగాలు)

బ్రాంప్టన్ నుంచి, సొంతూరు తెనాలి

అందరికీ నమస్కారం. నవంబరులో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద మా ఆయనతో కలిసి వచ్చాను. విజయవాడలో ఏడేళ్లు పనిచేశాను. మొదటి మూడేళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సులో డీటీపీ, తర్వాత నాలుగేళ్లు ఒక యాడ్ ఏజెన్సీ. నేను చేసినవన్నీ బియ్యం సంచులు, పచ్చళ్ల లేబుళ్లు, ఆసుపత్రుల బ్రోషర్లు, పెళ్లి శుభలేఖలు, రెండు చిన్న సినిమాల పోస్టర్లు.

ఇప్పటికి యాభై పైనే అప్లికేషన్లు పెట్టాను. పిలిచింది ఇద్దరే. ఒకచోట "ఇక్కడ చేసిన అనుభవం లేదు కదా" అన్నారు. రెండోచోట పని బాగుందన్నారు గానీ మళ్లీ ఫోన్ రాలేదు. తెలిసినవాళ్లొకరు తెలుగు పనంతా తీసేసి, కాఫీ షాపు, యోగా స్టూడియో లాంటి ఊహా బ్రాండ్లు నాలుగు చేసి పెట్టమన్నారు. రెండు వారాలుగా అవే చేస్తున్నాను, చేస్తున్నంతసేపూ మనసు ఒప్పుకోవడం లేదు. మా ఆయనేమో యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా రూపొందించే పని) కోర్సులో చేరమంటున్నారు. ఈ రంగంలో ఉన్న అన్నలు, అక్కలు కాస్త దారి చెప్పగలరా?

మిసిసాగా నుంచి, ప్యాకేజింగ్‌లో పదకొండేళ్లు

చెల్లెమ్మా, ముందు ఆ కాఫీ షాపు ఫైలు మూసెయ్. ఇక్కడ కాలేజీ నుంచి బయటికొచ్చే ప్రతి పిల్లా పిల్లాడి దగ్గరా ఒక కాఫీ షాపు ఉంటుంది. అచ్చయి, దుకాణంలో అమ్ముడుపోయి, ఎవరో ఇంటికి మోసుకెళ్లిన సంచి నీ దగ్గరుంది. దాన్ని దాచేసి దొరకని దానికోసం వెతుక్కుంటున్నావు.

ఇంకో సంగతి నీకు తట్టి ఉండదు. నువ్వు ఏడేళ్లూ ఒకే డబ్బా మీద తెలుగూ ఇంగ్లీషూ ఇరికించావు. ఒక్కోసారి హిందీ కూడా ఉండి ఉంటుంది. ఒక లిపికి కింద వత్తులు వేలాడతాయి, పైన గుడులు లేస్తాయి. ఇంకోదానికి అవేమీ ఉండవు. రెండూ పక్కపక్కన ఒకే బరువుతో కనిపించేలా సర్దడం ఎంత కష్టమో నీ చేతికి తెలుసు. కెనడాలో ప్యాకేజింగ్ అంటే రోజూ ఉండేది ఈ తగువే. ఇక్కడ అమ్మే సరుకు మీద పేరు, నికర బరువు, పదార్థాల జాబితా అన్నీ ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉండాలి. ఫ్రెంచి వాక్యం ఇంగ్లీషు కంటే దాదాపు ఐదో వంతు పొడవెక్కుతుంది. అక్షరం మరీ చిన్నది చేయడానికి వీల్లేదు. తిండి లేబుల్ మీద తప్పనిసరి సమాచారానికి ఇంగ్లీషు చిన్న 'ఓ' ఎత్తు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే చోటు తక్కువ, మాట ఎక్కువ. ఒక భాషలోనే పని నేర్చుకున్నవాళ్లు దీని దగ్గర తడబడటం కళ్లారా చూశాను. నువ్వు తడబడవు.

నా మొదటి పని గురించి చెబుతాను, దాచుకోవలసిందేం లేదు. వచ్చిన మూడో నెలలో మనవాళ్ల పచ్చళ్లు తెప్పించే చిన్న వ్యాపారి ఒకాయన ఆవకాయ లేబుల్ చేయమన్నారు. ఎర్రటి రంగు, మామిడికాయ ముక్క, మంచి అక్షరం, చూడముచ్చటగా చేశాను. పదార్థాల్లో ఇండియా లేబుల్‌లో ఉన్నట్టే "మసాలా దినుసులు" అని రాసి ఊరుకున్నాను. మూడు వేల లేబుళ్లు అచ్చయి, సీసాలకు అంటించేశాక ఎవరో చెప్పారు, ఆవాలు ఇక్కడ అలర్జీ జాబితాలో ఉన్నాయని. వేరుశనగ, నువ్వులు, పాలలాగే ఆవాలను కూడా పేరు పెట్టి చెప్పి తీరాలి. ఆవకాయ మీద ఆవపిండి మాట లేదు! ఒక శనివారం, ఒక ఆదివారం ఆయన గోడౌన్‌లో చలికి కోటు వేసుకునే కూర్చుని, "కంటెయిన్స్ మస్టర్డ్, కోంతియాఁ ముతార్ద్" అని చిన్న స్టిక్కర్లు ఒక్కో సీసాకూ అంటించాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు నాదే. సరుకు మీద అక్షరం వేసేవాళ్లకు ఆ అక్షరం ఎవరి ప్రాణానికి సంబంధించిందో తెలిసి ఉండాలి. ఆ స్టిక్కరొకటి ఇప్పటికీ నా డెస్కు మీద ఉంది.

కాబట్టి నీకు నేనిచ్చే పని ఇది. విజయవాడలో నువ్వు చేసిన పచ్చడి లేబుళ్లలో నీకు బాగా నచ్చినదొకటి తియ్. దాన్నే కెనడా నిబంధనల ప్రకారం మళ్లీ చెయ్. రెండు భాషలు, ఇక్కడి పోషకాల పట్టిక, అలర్జీ వాక్యం, బరువు గ్రాముల్లో. "బెస్ట్ బిఫోర్" పక్కన ఫ్రెంచి మాట, తర్వాత సంవత్సరం, నెల, రోజు, ఆ వరుసలోనే. నెలలకు రెండు భాషలకూ సరిపోయే రెండక్షరాల గుర్తులున్నాయి. జూన్‌కి జేఎన్, జూలైకి జేఎల్, మార్చికి ఎంఆర్, మేకి ఎంఏ. ఇంకొకటి, జనవరి 1, 2026 నుంచి ఉప్పు, చక్కెర, సంతృప్త కొవ్వు పరిమితి దాటితే ముందు వైపు నలుపు తెలుపుల్లో భూతద్దం గుర్తు ఉండాలి. నిలువుగా ఉన్న లేబులైతే పై సగంలోనే పెట్టాలి. పచ్చడిలో ఉప్పు సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఆ గుర్తు వచ్చి కూర్చున్నాక కూడా లేబుల్ అందం చెడకుండా ఎలా సర్దావో చూపించు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు మార్చావో నాలుగు వాక్యాలు రాయి. ఇంటర్వ్యూలో ఆ ఒక్క పేజీ మీదే అరగంట మాట్లాడొచ్చు.

ఎటోబికో నుంచి, ప్రీప్రెస్

అక్క చెప్పినదానికి ప్రెస్సు వైపు నుంచి నాలుగు ముక్కలు.

మీరు డీటీపీ చేశారు కదా, ప్రీప్రెస్, అంటే ఫైలును అచ్చుకు సిద్ధం చేసే ఉద్యోగాలు కూడా చూడండి. డిజైనర్ అని బోర్డు లేకపోయినా లోపలికి వెళ్లే తలుపది. నేను అలాగే వెళ్లాను. ప్లేటు వేయడం, ట్రాపింగ్, డై పంచింగ్, క్రీజింగ్ మీకు తెలిసి ఉంటే రెజ్యూమేలో మొదటి సగంలోనే రాయండి. ఇక్కడ డిగ్రీ ఉన్న చాలామంది మెషిన్ పక్కన నిలబడి ఉండరు.

కొలతలు మారతాయి. ఏ4 మర్చిపోండి, ఇక్కడ లెటర్ సైజు, ఎనిమిదిన్నర అంగుళాలకు పదకొండు. ఏ4 కంటే కాస్త వెడల్పు, కాస్త పొట్టి. బ్లీడ్ (కోతకు అంచు దాటించి వదిలే రంగు) అంగుళంలో ఎనిమిదో వంతు అడుగుతారు. పాత బ్రోషర్ని సైజు మార్చి పంపితే కింద వరుస తెగిపోతుంది, ముందే చూసుకోండి.

మన ఊళ్లలో ఫ్లెక్స్ షాపు నుంచి శుభలేఖల షాపు దాకా అందరూ వాడే కోరల్‌డ్రా పుట్టింది ఇక్కడి ఆటవాలోనే, మొదటి వెర్షన్ వచ్చింది 1989లో. కానీ ఇక్కడి ఏజెన్సీలు అడిగేది ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్. కోరల్‌లో చెయ్యి తిరిగినవాళ్లకు ఇల్లస్ట్రేటర్ నెలలో పట్టుబడుతుంది. ఇన్‌డిజైన్‌లో మాత్రం స్టైల్స్ పెట్టి పనిచేయడం శ్రద్ధగా నేర్చుకోండి, మనవాళ్లకు అలవాటు లేనిది అదే.

తెలుగు అక్షరాల సంగతి. పాత ప్రెస్సుల అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫైళ్లు ఇక్కడ తెరిస్తే ఇంగ్లీషు గజిబిజి వస్తుంది. ఉన్నవన్నీ అవుట్‌లైన్ చేసి (అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి) పీడీఎఫ్‌గా దాచుకోండి. కొత్తగా చేసేవి యూనికోడ్‌లోనే చేయండి. ఇల్లస్ట్రేటర్‌లో వత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో దాని పేరు వరల్డ్ రెడీ కంపోజర్. రామభద్ర, మండలి, సురన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. మీ ఊరి పేరుతో తెనాలి రామకృష్ణ అని కూడా ఒకటుంది. మిగతా ఏ ఫాంటైనా లైసెన్సు లేకుండా ఇక్కడ వాడొద్దు. క్లయింటుకు నోటీసు వస్తే పోయేది మీ పేరు.

స్కార్‌బరో నుంచి, ప్రభుత్వ సంస్థలో ఇన్‌హౌస్ డిజైనర్

మీరు ఆసుపత్రి బ్రోషర్లు చేశానన్నారు, అందుకే రాస్తున్నాను. అందరూ ఏజెన్సీల వెంట పడతారు గానీ ఆసుపత్రులు, యూనివర్సిటీలు, నగరపాలక సంస్థలు, స్కూల్ బోర్డులు, అన్నింటికీ సొంత డిజైనర్లు ఉంటారు. జీతం స్థిరం, వేళలు స్థిరం. వాళ్లు వెతికేది యాక్సెసిబిలిటీ తెలిసినవాళ్ల కోసం. ఒంటారియోలో దీనికి 2005 నుంచి చట్టం ఉంది, ఏఓడీఏ అంటారు. ప్రభుత్వ సంస్థలూ, యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలూ తమ వెబ్‌సైట్లను చూపు తక్కువున్నవాళ్లు కూడా చదవగలిగేలా చేసి తీరాలి. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. పసుపు మీద తెల్ల అక్షరం కుదరదు. పీడీఎఫ్‌కి ట్యాగులు వేయాలి, బొమ్మకి వివరణ రాయాలి, స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఏ వరుసలో చదువుతుందో సరిచూడాలి. గ్రాఫిక్ డిజైనర్ల సంఘం ఆర్‌జీడీ దీని మీద మంచి చేతిపుస్తకం తెచ్చింది, వాళ్ల సైట్‌లో ఉచితం. వారం కూర్చుంటే చదివేయొచ్చు. మీ బ్రోషర్ ఒకటి అలా సరిచేసి పెట్టండి. మా అమ్మకు గ్లకోమా. ఆవిడ ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకుని తనంతట తాను ఆసుపత్రి కాగితం చదువుకున్న రోజు నాకు ఈ పని విలువేంటో అర్థమైంది.

"ఇక్కడి అనుభవం" అన్న మాట గురించి. జనవరి 1, 2026 నుంచి ఒంటారియోలో ఇరవై ఐదుగురు, ఆ పైన ఉద్యోగులున్న సంస్థలు తమ ప్రకటనలో కెనడా అనుభవం కావాలని అడగకూడదు. జీతం ఎంత నుంచి ఎంత దాకానో రాయాలి. ఇంటర్వ్యూ చేశాక నలభై ఐదు రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. మీకు ఫోన్ రాలేదన్న చోటికి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి.

రెజ్యూమేలో ఫోటో, పుట్టిన తేదీ, పెళ్లి వివరాలు వద్దు. ఏక్సెస్ ఎంప్లాయ్‌మెంట్ అని కొత్తగా వచ్చినవాళ్లకు ఉచితంగా సాయం చేసే సంస్థ ఉంది, మీ బ్రాంప్టన్‌లోనూ ఆఫీసుంది. వెళ్లి కలవండి.

యూఎక్స్ మాట: ఇష్టముంటే వెళ్లండి, భయంతో వెళ్లకండి. ఆ వైపూ రద్దీ తక్కువేం లేదు.

మార్కమ్ నుంచి, ఫ్రీలాన్స్

నేను ఒకే విషయం చెబుతాను, డబ్బు.

ఇంటర్వ్యూ పేరుతో "మా కొత్త ప్రాడక్టుకి మూడు లోగోలు చేసి పంపండి, నచ్చితే తీసుకుంటాం" అంటే చేయకండి. ఇక్కడి డిజైనర్ల సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాయి. చేసిన పని చూపించండి, అక్కడికక్కడ గంటలో చేసే పరీక్షయితే రాయండి, అంతే. నేను ఒకచోట అలా నాలుగు రోజులు పనిచేసి పంపాను. ఉద్యోగం రాలేదు. ఆర్నెల్ల తర్వాత నా గీత వాళ్ల డబ్బా మీద చూశాను.

సొంతంగా పని తీసుకుంటే కాగితం మీద ఒప్పందం లేకుండా మొదలుపెట్టకండి. సగం ముందు తీసుకోండి. ఎన్ని సార్లు మార్పులు చేస్తారో రాయండి. ఉద్యోగంలో చేసినదాని మీద హక్కు యజమానిది. ఫ్రీలాన్స్‌గా చేసింది, మీరు రాతపూర్వకంగా ఇచ్చేదాకా మీదే. ఆ హక్కు బదిలీని చివరి చెల్లింపుతో ముడిపెట్టండి. వరుసగా నాలుగు త్రైమాసికాల్లో కలిపి రాబడి 30,000 డాలర్లు దాటితే హెచ్‌ఎస్‌టీకి (అమ్మకం పన్నుకి) నమోదు చేసుకోవాలి, ఒంటారియోలో 13 శాతం. దాటేదాకా తప్పనిసరి కాదు.

మన సంఘాల ఉగాది పోస్టర్లు, పిల్లల ఆరంగేట్రం కార్డులు ఉచితంగా చేయమని అడుగుతారు. ప్రేమతో అడుగుతారు, నాకు తెలుసు. ఏడాదికి ఒకటి అని లెక్క పెట్టుకోండి. మిగతావాటికి ధర చెప్పండి.

ఎటోబికో నుంచి, ప్రీప్రెస్

మార్కమ్ అన్నయ్యా, చివరి మాటకు కొంచెం అడ్డు చెబుతాను. నేను చేసిన ఉగాది సావనీర్ చూసి ఒకాయన నన్ను ప్రెస్సులో చేర్పించారు. కాకపోతే నేను అందులో డిజైన్ ఎవరిదో లోపలి పేజీలో పేరు వేయమని ముందే అడిగాను. ఉచితంగా చేసినా పేరు ఉండాలి.

నార్త్ యార్క్ నుంచి, డిజైన్ విద్యార్థిని

అక్కా, ఉద్యోగం మాటలు పెద్దవాళ్లు చెప్పేశారు. నేను కళ్లకు మేత చెబుతాను. సబ్‌వేలో ఎగ్లింటన్ స్టేషన్‌లో దిగండి. 1954లో మొదటి లైను తెరిచినప్పటి గాజు పలకలు ఇంకా ఉన్నది ఆ ఒక్క స్టేషన్‌లోనే. గోడ మీద స్టేషన్ పేరు చూడండి, ఆ అక్షరాన్ని ఈ సబ్‌వే కోసమే గీశారు, ఎవరు గీశారో ఇప్పటికీ తేలలేదట. గూడ్సు రైలు పోతుంటే సీఎన్ (ఇక్కడి రైల్వే కంపెనీ) గుర్తు చూడండి. 1960లో అలన్ ఫ్లెమింగ్ చేసింది, రెండక్షరాలూ ఒకే గీత, చెయ్యి ఎత్తకుండా గీసినట్టు. మా అమ్మ వీడియో కాల్‌లో దాన్ని చూసి, "మెలికల ముగ్గులా ఉందే" అంది. ఆ రోజు నుంచి నాకూ అలాగే కనిపిస్తోంది.

బ్రాంప్టన్ నుంచి, సొంతూరు తెనాలి

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి చదివి ఏడుపొచ్చింది. కాఫీ షాపు ఫైళ్లు పక్కన పెట్టేశాను. గోంగూర లేబుల్ తీసుకుని మొదలుపెట్టాను. నిన్న మధ్యాహ్నం దుకాణానికెళ్లి గంటసేపు సీసాలు తిప్పి తిప్పి చూశాను, ఒక్కోదాని మీద ఫ్రెంచి ఎక్కడ పెట్టారో నోట్‌బుక్‌లో గీసుకున్నాను.

మిసిసాగా అక్కా, ఒక సందేహం. గోంగూరకి ఫ్రెంచిలో ఏం రాయాలి?

మిసిసాగా నుంచి, ప్యాకేజింగ్‌లో పదకొండేళ్లు

మంచి ప్రశ్న అడిగావు. గోంగూర అన్న పేరు పెద్దగా ఉంచుకో, కానీ అది తెలియనివాళ్లకు అదేంటో చెప్పే మామూలు పేరు రెండు భాషల్లోనూ కింద ఉండాలి. నువ్వే అనువదించకు, మెషిన్‌నీ నమ్మకు. మా దగ్గర ప్రతి ఫ్రెంచి మాటా అనువాదకురాలు చూశాకే ప్రెస్సుకు వెళ్తుంది. శనివారం పదకొండింటికి యంగ్ స్ట్రీట్‌లో రిఫరెన్స్ లైబ్రరీకి రా, బ్లోర్ స్టేషన్ దిగితే దగ్గరే. నేను రెండో అంతస్తులో ఉంటాను. ప్రింటు వంద శాతం సైజులో తీసుకురా, ఖాళీ సీసా కూడా తెచ్చుకో. చదునుగా ఉన్న కాగితం మీద కనిపించేది గుండ్రటి సీసా మీద చుట్టాక కనిపించదు, అక్కడే కూర్చుని అంటించి చూద్దాం.