ప్రవాస భారతీయ నవలల్లో ప్రకృతి: ఊరి మీద బెంగా, పర్యావరణ స్పృహా?

మొదటి సభ్యుడు (చర్చ ప్రారంభిస్తూ):
విదేశాల్లో స్థిరపడిన భారతీయ రచయితల నవలల్లో చెరువులు, నదులు, అడవులు విరివిగా కనిపిస్తాయి. అయితే అవి వదిలి వచ్చిన ఊరి మీద బెంగ తీర్చుకోవడానికే పనికివస్తున్నాయి గాని, వాటికి జరుగుతున్న హానిని రచయితలు నిజంగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. ఆ హానిని భరించేది ఇక్కడివారు, రాసేది అక్కడివారు.

రెండవ సభ్యురాలు:
ఈ మాట ఝంపా లాహిరి 'ది లోలాండ్' (2013) నవలకు పొసగదండీ. కోల్‌కతాలోని టాలీగంజ్‌లో రెండు చెరువులు, వాటి వెనుక వానాకాలంలో నీరు నిలిచే పల్లపు నేల, దాని నిండా అల్లుకున్న గుర్రపుడెక్క అందులో కనిపిస్తాయి. పోలీసులు తరుముకొచ్చినప్పుడు నక్సల్ ఉద్యమంలో చేరిన యువకుడు ఉదయన్ ఆ గుర్రపుడెక్క చాటున నీళ్లలోనే దాక్కుంటాడు. అతని మరణం తరువాత ఏళ్లు గడిచేకొద్దీ ఆ పల్లం చెత్తతో పూడి, ఇళ్ల కింద కనుమరుగవుతుంది. కేవలం బెంగతో రాసేవారైతే చెరువును చిన్ననాటి చెరువుగానే ఉంచేవారు.

మొదటి సభ్యుడు:
అది ఒప్పుకుంటాను. కానీ దూరాన ఉండి పులిని కాపాడమనడం తేలిక. ఆ పులి పక్కన బతికేవారి మాటేమిటి?

మూడవ సభ్యుడు:
అమితావ్ ఘోష్ 'ది హంగ్రీ టైడ్' (2004) సరిగ్గా ఈ అభ్యంతరాన్నే కథలోకి తెచ్చింది. అమెరికాలో పెరిగిన పియా, డాల్ఫిన్లను అధ్యయనం చేయడానికి బెంగాల్ తీరంలోని మడ అడవులైన సుందరవనాలకు వస్తుంది. పశువుల పాకలో చిక్కిన పులిని ఊరివారు తగలబెడుతుంటే ఆమె అడ్డుపడబోతుంది. ఆమె ఎంతో నమ్మిన జాలరి ఫోకిరే ఆమెను పక్కకు లాగేస్తాడు. పులుల బారినపడి చనిపోయే పేదలను లెక్కచేయని సంరక్షణ ఎవరి కోసమన్న ప్రశ్నను ఆమె ఆ తరువాత ముఖాముఖిగా వినవలసి వస్తుంది. 1979లో అటవీ రక్షణ పేరిట సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవి నుంచి శరణార్థులను బలవంతంగా వెళ్లగొట్టిన చరిత్ర కూడా ఆ నవలలోనే ఉంది. తన దూరాన్ని దాచుకోకుండా దాన్నే ఒక పాత్రగా నిలబెట్టి విచారణకు పెట్టిన రచయితను బెంగ పడ్డాడనడం అన్యాయం.

మొదటి సభ్యుడు:
సరే, మరి వారు ఇప్పుడు బతుకుతున్న దేశాల గాలి, నీరు, అడవుల సంగతి?

రెండవ సభ్యురాలు:
ఘోష్ 'గన్ ఐలాండ్' (2019)లో సుందరవనాల తుపానులు, లాస్ ఏంజెలెస్ కార్చిచ్చులు, మునిగే వెనిస్ ఒకే కథలో కలుస్తాయి. మీ ప్రశ్నకు అదొక గట్టి జవాబు. ఆ దిశగా ఇంకా చాలా రాయవలసి ఉందన్న మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.