పాత ఫైబర్ బోటు: రంగు వేయించాలా, పాలిష్‌తో సరిపెట్టాలా?

ప్రశ్న (విజయవాడ): 18 అడుగుల ఫైబర్ బోటు, వయసు 20 ఏళ్లు. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఏడాదంతా నీళ్లలోనే ఉంటుంది. నీలం రంగు పాలిపోయింది, చెయ్యి రాస్తే సుద్ద అంటుతోంది. తాడు కట్టే కొక్కేల చుట్టూ వెంట్రుకల్లాంటి బీటలున్నాయి. ఆటోనగర్‌లో కారు రంగు కొట్టించెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు (పున్నమి ఘాట్): రంగు డబ్బా కొనేముందు తడిగుడ్డతో ఓ జానెడు మేర తుడవండి. తడిగా ఉన్నంతసేపు అసలు నీలం తేలి, ఆరగానే పాలిపోతే చెడింది పైపొరే. వాటర్ పేపర్ 800, 1000, 1500 వరుసగా తడిపి రుద్ది, కాంపౌండ్‌తో బఫింగ్ చేసి మైనం పట్టిస్తే చాలు. ఒకసారి రంగేశారా, ఇక గీత పడ్డా పెచ్చు లేచినా మళ్లీ రంగే.

జవాబు (ఆటోనగర్): అక్కడే ఒప్పుకోనండీ. మన మే ఎండలకు ఆ మైనం ఎన్నాళ్లుంటుంది? జెల్‌కోటు, అంటే ఫైబర్ మీదుండే ఆ రంగు పైపొర, మందమే అర మిల్లీమీటరు అటూఇటూ. బఫింగ్ చేసిన ప్రతిసారీ అందులోంచే పోతుంది. రెండు డబ్బాలు (రంగు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్) కలిపే పాలీయురథేన్ రంగు అయితే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు. నీటిగీతకు పైన సుమారు 8 చదరపు మీటర్లు, పూతకు లీటరు లోపే. ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, పైరంగు రెండో మూడో.

పని చెడేది తుడవడంలో. ముందు థిన్నర్‌తో మైనం తీసి, ఆ తర్వాతే పేపర్ పట్టాలి. తుడిచే గుడ్డ ఒకటి, వెంటనే ఎత్తే పొడిగుడ్డ ఇంకొకటి. ఒకే గుడ్డ తిప్పుతుంటే మైనం పక్కకు జరుగుతుందంతే. తుడవకుండా రుద్దితే గీతల్లోకి దిగి, రంగు చేపకళ్లలా విడిపోతుంది. హార్డెనర్‌లో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఐసోసయనేట్ ఉంటుంది కాబట్టి మూతికి రుమాలు కట్టుకుని స్ప్రే చేయడం మాత్రం వద్దు. రోలర్‌తో పూసి, వెంటనే బ్రష్ కొసతో సరిచేస్తే నున్నగానే వస్తుంది.

జవాబు (గుంటూరు): ఇద్దరూ నీటిగీత పైనే ఆగిపోయారు. ఆ పైరంగు ఎప్పుడూ మునిగి ఉంటే ఉబ్బి లేస్తుంది. పైగా కృష్ణవి మంచినీళ్లు. ఉప్పునీటికన్నా ఇవే జెల్‌కోటులోకి ఎక్కువ దూరతాయి. అడుగున పొక్కులుంటే కళ్లద్దాలు పెట్టుకుని ఒకటి గుచ్చి చూడండి. వెనిగర్ వాసనతో జిగురునీళ్లు కారితే ఆస్మాసిస్సే, అంటే నీళ్లు జెల్‌కోటు దాటి లోపలికి చేరి పొక్కులు లేపడం. పొక్కులు గీకి, మంచినీళ్లతో కడిగి, వారాలూ ఒక్కోసారి నెలలూ ఆరబెట్టి, అప్పుడు ఎపాక్సీ పూతలు. తడి మీద పూస్తే నీళ్లను లోపల పెట్టి తాళం వేసినట్టే.

బీటలు రంగు కింద దాగవు. కొక్కెం లోపలివైపు గట్టి ప్లేటు లేకపోతే తాడు లాగినప్పుడల్లా ఫైబర్ వంగుతుంది. ముందు ప్లేటు వేసి, ఆ తర్వాత బీటను కాస్త వెడల్పు చేసి నింపాలి.

ప్రశ్న (విజయవాడ): తడిగుడ్డ పెట్టి చూశా. పక్కల నీలం తేలింది. మొన దగ్గర తేలలేదు, ఫైబర్ నేతే కనపడుతోంది.

పున్నమి ఘాట్: అయితే మొన వరకు నాదే ఓటమి, అక్కడ బఫింగ్‌కు ఏమీ మిగల్లేదు. పక్కలు మాత్రం పాలిష్ చేసి ఓ ఏడాది నెట్టొచ్చు.

ఆటోనగర్: మొనకే వేస్తే ఒకే బోటు మీద రెండు నీలాలు కనపడతాయండీ! వేస్తే పైభాగమంతా వేయండి. ఫిబ్రవరిలో, నీడలో, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి మూడింటికల్లా ఆపేయండి. పచ్చిరంగు మీద సాయంత్రం మంచు పడితే మెరుపు పోయి మసకేస్తుంది.