ఏడాదిన్నర పాపతో లంబసింగిలో డేరా రాత్రి గడపవచ్చా?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. కార్తీక మాసంలో రెండు రోజులు సెలవు దొరుకుతోంది. నేను, నా భార్య, ఆరేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప, మా అత్తగారు కలిసి కారులో తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళి, అక్కడ ఒక రాత్రి డేరాలో గడిపి, తెల్లవారుజామున చెరువులవేనం కొండ మీది నుంచి మేఘాలు చూసి, తిరుగు దారిలో ఎక్కడైనా ఉసిరి చెట్టు కింద వనభోజనం చేసి ఇల్లు చేరాలని అనుకుంటున్నాము. డేరాలో పడుకోవాలని బాబు నెల రోజులుగా పట్టుపడుతున్నాడు. మాలో ఎవరికీ ఆ అనుభవం లేదు. అంత చలిలో పాపను పడుకోబెట్టవచ్చా, ఏ దుస్తులు తీసుకెళ్ళాలి, ఘాట్ రోడ్డులో బాబుకు వాంతులు కాకుండా ఏం చేయాలి, తిండి సంగతి ఎలా చూసుకోవాలి అన్నవి మా సందేహాలు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చింతపల్లి ప్రాంతంలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసినవారు)

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉన్న సంగతి మీరు వినే ఉంటారు. రాత్రిపూట బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కొయ్యలా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అక్కడివాళ్ళు అర్థం చెబుతారు. ఊరు సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. కార్తీకంలో అంత ఉండదు గాని, రాజమహేంద్రవరంలో ఫ్యాను వేసుకుని పడుకునే పిల్లలకు అదీ తక్కువ చలి కాదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: మబ్బు పట్టిన రాత్రి కంటే చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రే ఎక్కువ చలి, అందులోనూ సూర్యోదయానికి కాస్త ముందూ వెనుకా అది గట్టిగా ఉంటుంది. మీరు పిల్లలను లేపి కొండ ఎక్కించాలనుకుంటున్నది సరిగ్గా ఆ వేళకే.

అందువల్ల నా మొదటి సలహా ఏమిటంటే, మేఘాలు, డేరా, వనభోజనం అన్న మూడింటిలో ఒకదానిని వదులుకోండి. నన్ను అడిగితే మేఘాలను వదులుకోమంటాను. ఏడాదిన్నర పాపకు మేఘాలతో పని లేదు, ఆరేళ్ళ బాబుకు వాటికంటే డేరా ముఖ్యం, పైగా మంచు పట్టిన చీకట్లో తడి బాట మీద పాపను ఎత్తుకుని నడవడం పెద్దలకే ప్రమాదం. తప్పదనుకుంటే ఒకరు బాబును తీసుకుని వెళ్ళండి, మరొకరు పాపతో ఉండిపోండి.

ఇక డేరా సంగతి. చలి పైనుంచి వస్తుందని మనం రగ్గు మీద రగ్గు కప్పుతాము గాని, ఒంట్లోని వేడిని ఎక్కువగా లాగేసేది కింద ఉన్న నేల. నేల మీద ముందు బరకం పరిచి, దొరికితే దానిమీద జానెడు మందాన ఎండుగడ్డి వేయించి, ఆపైన చాప, బొంత పరుచుకోవాలి. గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది గాని దాని లోపలి గాలే చల్లబడిపోతుంది కనుక దానిమీద కూడా బొంత ఉండాల్సిందే. వెచ్చదనం కోసం డేరా కిటికీలన్నీ మూసేయడం కొత్తవాళ్ళు చేసే ఇంకో పొరపాటు. నలుగురైదుగురి ఊపిరిలోని తేమ గుడ్డకు పట్టి అర్ధరాత్రి నుంచి బొట్లుబొట్లుగా కారుతుంది, తడిసిన రగ్గు చలిని ఆపదు. పైన ఉండే చిన్న గాలి కంతను తెరిచే ఉంచండి.

బస ఎంచుకునేటప్పుడు డేరా అందం కాక, పక్కా గది ఒకటి అక్కడే ఖాళీగా దొరుకుతుందా, వేడి నీళ్ళున్న మరుగుదొడ్డి ఎన్ని అడుగుల దూరంలో ఉంది అని అడగండి. అర్ధరాత్రి పాప ఏడుపు ఆపకపోతే గదిలోకి మారిపోవచ్చు. ఆ గదికి చెల్లించే డబ్బు వృథా అని అనుకోకండి.

జవాబు (పిల్లల వైద్యురాలు)

పైవారు చెప్పినదానికి వైద్యపరంగా కొన్ని చేర్చాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: డేరా లోపల గాని, తలుపులు మూసిన గదిలో గాని బొగ్గుల కుంపటి పెట్టకూడదు. చలిమంటలో మిగిలిన నిప్పులను బొచ్చెలో వేసి లోపల పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. ఎర్రగా కాలుతున్న బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. గాలి కంత తెరిచి ఉంది కదా అని ధైర్యం చేయవద్దు. చలిమంట బయట, డేరాకు దూరంగా, పడుకునే ముందు నీళ్ళు పోసి పూర్తిగా ఆర్పేయాలి.

దుస్తుల విషయంలో ఒక మందపాటి స్వెట్టర్ కంటే మూడు పలుచని పొరలు మేలు. ఒంటిని అంటుకుని ఉండే పొర పొడిగా ఉండాలి, కాబట్టి సాయంత్రం ఆడి చెమట పట్టిన బనీనుతోనే పిల్లలను పడుకోబెట్టకుండా అంతా మార్చండి. పాపకు పాదాలు కూడా కప్పే వదులైన ఒంటి దుస్తులు వేస్తే రగ్గు తన్నేసినా ఇబ్బంది ఉండదు. తాళ్ళున్న టోపీ, మెడకు చుట్టే మఫ్లరు నిద్రలో వద్దు, పెద్దల బరువైన రగ్గు పాప ముఖం మీదికి రాకూడదు. పాపకు చలి వేస్తోందా అని చేతులు పట్టుకుని చూస్తే తెలియదు, చిన్నపిల్లల చేతులు ఊరికే చల్లగా ఉంటాయి. మెడ వెనుక వేలు పెట్టి చూడండి, అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టే, చెమట ఉంటే ఒక పొర తీయండి.

ఘాట్ రోడ్డు వాంతులు రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువ కనుక మీ బాబు విషయమే ఆలోచించాలి. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ మంచివి కావు. నర్సీపట్నంలో రెండు ఇడ్లీలు తినిపించి, అరగంట ఆగి బయల్దేరండి. డౌనూరు దాటి ఘాట్ మొదలయ్యాక ఫోను, బొమ్మల పుస్తకం చేతికి ఇవ్వకుండా, అద్దం కొంచెం దించి దూరంగా ఉన్న కొండను చూడమనండి. మందు కావాలంటే మీ వైద్యులను అడిగి, బరువుకు తగిన మోతాదు రాయించుకోండి. పెద్దల మాత్రలో సగం విరిచి ఇవ్వడం సరికాదు.

మూడో విషయం జ్వరాలు. వర్షాలు వెనుకబట్టాక ఏజెన్సీలో మలేరియాతో పాటు స్క్రబ్ టైఫస్ కూడా కనిపిస్తుంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగులు కుట్టడం వల్ల ఇది వస్తుంది. కుట్టిన చోట చాలామందిలో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, మేజోళ్ళు వేయండి. విప్పిన బట్టలను గడ్డి మీదా పొదల మీదా ఆరవేయకండి. దోమల క్రీమును పిల్లల అరచేతులకు, కళ్ళ చుట్టూ రాయవద్దు, వాళ్ళు వెంటనే నోట్లో పెట్టుకుంటారు. తిరిగి వచ్చిన నెలలోపు పిల్లల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఏజెన్సీకి వెళ్ళి వచ్చామని వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి. ఈ రెండు జబ్బులకూ మందులున్నాయి, ఆలస్యం జరిగేది ఆ సంగతి చెప్పకపోవడం వల్లనే.

జవాబు (చలికి అంత భయం అవసరం లేదంటున్న ఒకరు)

వైద్యురాలి మాటలను కాదనను గాని, అక్కడి గిరిజన కుటుంబాలలో నెలల పిల్లలు ఆ చలిలోనే పెరుగుతున్నారు. మనం పిల్లలను మరీ సుకుమారంగా పెంచుతున్నామేమో అనిపిస్తుంది.

జవాబు (చింతపల్లి ప్రాంతంలో పనిచేసినవారు)

అయ్యా, ఆ పిల్లలు పడుకునేది నైలాను గుడ్డ కింద కాదు, మందపాటి మట్టి గోడల మధ్య, తల్లి ఒంటికి ఆనుకుని. కట్టుకున్న ఇల్లు చేసే పని మనం అద్దెకు తీసుకున్న డేరా చేయదు. అయినా మీరన్నదానిలో ఒక నిజం ఉంది: అలవాటు కావాలి. అందుకే ప్రశ్న అడిగిన వారికి ఇంకో సూచన. వెళ్ళే ముందు శనివారం ఇంటి మేడ మీద డేరా వేసి ఒక రాత్రి పడుకోండి. ఏది మరిచిపోయారో, ఏ జిప్పు చెడిపోయిందో, పాప ఆ ఇరుకులో నిద్రపోతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

జిప్పు అన్నాను కాబట్టి చెబుతున్నాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, ఆ కాటుకు నొప్పి పెద్దగా ఉండదు. డేరా అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టినదై ఉండాలి, జిప్పు ఎల్లవేళలా మూసి ఉండాలి, బయట విడిచిన బూట్లను దులపకుండా పిల్లలకు తొడగకూడదు. ఏమాత్రం అనుమానం వచ్చినా కోయడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం వంటివి చేయక 108కి ఫోను చేసి దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. ఫోను సిగ్నలు అన్నిచోట్లా అందదు కనుక బస యజమానిని చేరిన వెంటనే అడిగి పెట్టుకోండి.

వాతావరణం కూడా చూసుకోండి. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖపట్నం దగ్గరే. వాయుగుండం అన్న మాట వినిపిస్తే బయానా పోయినా సరే ప్రయాణం మానుకోండి, ఘాట్‌లో కొండచరియలు జారేది ఆ వానలకే. తిరుగు ప్రయాణం కూడా పొగమంచు విడిచాకే, ఎండ పడిన తరువాతే మొదలుపెట్టండి.

జవాబు (అమలాపురం నుంచి ఒక అమ్మమ్మ)

బాబూ, మీ అత్తగారి కోరిక ఉసిరి చెట్టు కింద భోజనమైతే దానిని తిరుగు దారిలో చివరి పనిగా పెట్టకండి. అప్పటికి పిల్లలు అలిసిపోయి చిరాకుగా ఉంటారు. వెళ్ళేటప్పుడే, ఘాట్ ఎక్కక ముందు మైదానంలోనే తోట చూసుకుని, యజమానిని అడిగి, తేలికగా తినండి.

ఎక్కడ కూర్చున్నా పొయ్యి వెలిగించే ముందు తల ఎత్తి చెట్టు కొమ్మలన్నీ చూడండి. మా ఇంట్లోనే ఒక ఏడాది చూడకుండా పొయ్యి రాజేశాము. పొగ పైకి పోయి తేనెతుట్టె కదిలింది, విస్తళ్ళు అక్కడే వదిలేసి పిల్లలను చీర కొంగుల్లో చుట్టుకుని పరుగెత్తాము. అప్పటి నుంచి వంట ఇంటి దగ్గరే చేసి పట్టుకెళుతున్నాము.

చింతపండు పులిహోర మరునాటి ఉదయం దాకా నిలుస్తుంది, కొబ్బరి అన్నం నిలవదు. దద్దోజనానికి పెరుగు తక్కువ, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ వేస్తే త్వరగా పులవదు. పాపకు పులిహోర పెట్టేటప్పుడు వేరుసెనగ గుళ్ళు, సెనగపప్పు ఏరి పారేయండి, ఆ వయసులో అవి గొంతుకు అడ్డం పడతాయి. ఉసిరికాయ గింజతో కూడా అదే భయం. రాత్రికి వేయించి పొడి చేసిన అటుకులు, కాస్త బెల్లం పొడి పట్టుకెళ్ళండి, ఫ్లాస్కులోని వేడి నీళ్ళు పోసి మూత పెడితే పొయ్యి లేకుండానే పాపకు మెత్తటి ఉగ్గు తయారవుతుంది. తాగే నీరు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, అక్కడ పట్టిన నీరైతే తెర్లేదాకా కాచాలి.

తిరిగి రాసినది (ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. మేడ మీది రాత్రి చాలా ఉపయోగపడింది. పాప డేరాలో పావుగంట కూడా పడుకోలేదు, కాబట్టి లంబసింగిలో డేరాకు ఆనుకుని ఉన్న గది కూడా తీసుకున్నాము. నేనూ బాబూ డేరాలో, మిగిలినవారు గదిలో పడుకున్నాము. ఎండుగడ్డి వేయమంటే బస యజమాని నవ్వాడు గాని వేశాడు, నడుము కింద చలి తెలియలేదు. ఘాట్‌లో బాబుకు ఒక్క వాంతి అయింది, అదీ మధ్యలో నాకు తెలియకుండా వాళ్ళ అమ్మ చాక్లెట్ ఇవ్వడం వల్లనో మరెందువల్లనో నిర్ధారణ కాలేదు. మేఘాలకు వెళ్ళలేదు. ఎనిమిదింటికి లేచి, తాజంగి జలాశయం గట్టు మీద పొగమంచు విడుతుండగా చూసి, పిల్లల చేతులు వదలకుండా కాసేపు నడిచి వచ్చేశాము. దారిలో వలిసె పూల పొలం దగ్గర రైతును అడిగి, ఆయన అడిగిన కొద్ది డబ్బు ఇచ్చి గట్టు మీద నిలబడి ఫొటో తీసుకున్నాము. పూల నిండా తేనెటీగలు ఉండటంతో అమ్మమ్మగారి మాట గుర్తొచ్చి లోపలికి దిగలేదు.

ఒక్క సందేహం మిగిలింది. మంచుకు తడిసిన డేరాను అలాగే మడిచి తెచ్చి అటక మీద పెట్టాము, ఇప్పుడు తీస్తే బూజు వాసన వస్తోంది. దానిని ఏం చేయాలి?

జవాబు (చింతపల్లి ప్రాంతంలో పనిచేసినవారు)

వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి, నీరు పట్టకుండా గుడ్డకు ఉన్న పూత పోతుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిగా మెత్తటి సబ్బు కలిపి, స్పాంజితో మచ్చలున్న చోట తుడిచి, మంచి నీటితో కడిగి, మేడ మీద నీడపట్టున రెండు రోజులు వేలాడదీయండి. కుట్లు, మూలలు పూర్తిగా ఆరాయని చేత్తో తడిమి చూశాకే మడవండి, అదీ సంచిలో గట్టిగా కుక్కకుండా వదులుగా.