నాకు కాబోయే భార్యకు ఈ-టూరిస్ట్ వీసా: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్తే అండీ. బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాను. నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయిది వియత్నాం. సంక్రాంతికి మా ఊరు తీసుకెళ్లి అమ్మానాన్నలకు చూపించాలని తనకు ఈ-టూరిస్ట్ వీసా అప్లై చేస్తున్నాం. మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు. ఫారంలో ఏ గడిలో ఏది రాయాలో తెలీక మూడుసార్లు చెరిపి రాసింది పాపం.

ఇండియాలో రిఫరెన్స్‌గా నా పేరు, అడ్రస్ ఇచ్చాం. కారణం దగ్గర స్నేహితులను, బంధువులను కలవడం అని పెడితే చాలా? పెళ్లి మాట దాచడం మాకిష్టం లేదు.

అసలు టెన్షన్ ఇంకోటి. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు, వాళ్ల నమోదు చూసే ప్రభుత్వ ఆఫీసైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు ఆన్‌లైన్‌లో తెలపాలి కదా, అది నేను చేయాలా, ఓనరుగారా? ఆయన మంచివారే గానీ ఆఫీసుల పేరెత్తితే భయపడతారు. ఇంట్లో ఇలా ఎవరినైనా ఉంచుకున్నవాళ్లు మీరేం చేశారో చెప్పండి, ప్లీజ్. టికెట్లు ఇంకా కొనలేదు.