విదేశాల నుంచి తిరిగొచ్చే పరిశోధకులకు వేరే పోస్టులు పెట్టాలా?

పెన్నాతీరం:
మాది నెల్లూరు జిల్లా. జర్మనీలో క్షయ బాక్టీరియా మీద పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన) చేస్తున్నాను. ఇక్కడి చట్టం ప్రకారం పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలిక కాంట్రాక్టుల మీద మామూలుగా ఆరేళ్ళే పనిచేయొచ్చు. ఆలోపు పర్మనెంట్ పోస్టు రాకపోతే వేరే దారి చూసుకోవాల్సిందే. నాకు ఇంటికి రావాలని ఉంది. అమ్మానాన్నలు పెద్దవాళ్ళవుతున్నారు, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ప్రపంచంలో క్షయ రోగులు అందరికంటే ఎక్కువున్న దేశం మనది. ఈ పని అక్కడ చేయాలి.

దారులు వెతికితే రెండు ముఖ్యమైనవి కనబడ్డాయి. ఒకటి రామానుజన్ ఫెలోషిప్. రెండోది కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్. ఆ వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి గారు శ్రీకాకుళంలో పుట్టినవారే. రెండూ ఐదేళ్ళకే. తర్వాత ఉద్యోగం ఇస్తామని ఎవరూ మాట ఇవ్వరు. అప్పటికి నాకు నలభై దాటుతాయి, పిల్లలు హైస్కూల్లో ఉంటారు.

అందుకే మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఇలా వచ్చేవాళ్ళ కోసం కొన్ని పర్మనెంట్ పోస్టులు విడిగా ఉంచాలంటాను. మీరేమంటారు?

ఓరుగల్లు మాస్టారు:
వద్దంటాను. తమ్ముడూ, నీ మీద కోపం లేదు, కానీ ఈ మాట వినగానే మనసు మండింది.

నేను తెలంగాణలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) ఉంది, పీహెచ్‌డీ ఉంది. క్లాసులు మేమే చెప్తాం, పేపర్లు మేమే దిద్దుతాం, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందంటే రాత్రిళ్ళు కూర్చొని ఫైళ్ళు మేమే తయారు చేస్తాం. కానీ పీహెచ్‌డీ విద్యార్థికి గైడ్‌గా ఉండే హక్కు మాకు లేదు, అది రెగ్యులర్ వాళ్ళకే. 2022లో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీలో పాసైతే ఇన్నాళ్ళకు మా కష్టం తీరుతుందనుకున్నాం. అది గవర్నర్ ఆమోదం రాక ఆగిపోయింది. మా విభాగంలో రిటైరైన వాళ్ళ కుర్చీలు అలాగే ఖాళీగా ఉన్నాయి.

ఊరు వదలకుండా ఇక్కడి పిల్లలకు పాఠం చెప్పినవాళ్ళను పక్కనబెట్టి, విమానం దిగినవాళ్ళకు ముందు కుర్చీ వేస్తే అది న్యాయమా?

బెంజ్ సర్కిల్:
నేను డల్లాస్ నుంచి హైదరాబాద్‌కు వచ్చేశాను, సాఫ్ట్‌వేర్. మాలాంటివాళ్ళకు ఏ స్కీమూ అక్కర్లేదు. కంపెనీలు ఉన్నాయి, తీసుకుంటాయి. ఎక్కువ కాలం బయట ఉండి వచ్చినవాళ్ళకు మొదటి రెండు మూడేళ్ళు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడని వెసులుబాటు కూడా ఉంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించాక నాకు తెలిసిన చాలామంది వెనక్కి రావడం గురించి గట్టిగా ఆలోచిస్తున్నారు.

మాకు అసలు టెన్షన్ పిల్లల చదువు. తెలంగాణలో 2018 చట్టంతో సీబీఎస్ఈ బడుల్లోనూ తెలుగు తప్పనిసరి. అది మంచి చట్టమే, నేను సమర్థిస్తాను. కానీ ఆరో తరగతిలో చేరే పిల్లకు అ ఆల నుంచి నేర్పే ఏర్పాటు చాలా బడుల్లో లేదు. స్కీముల గురించి మాట్లాడేవాళ్ళు ఇది కూడా చూడాలి.

పాత కాగితాలు:
ఈ గొడవ కొత్తది కాదు. హరగోవింద్ ఖొరానా లివర్‌పూల్‌లో పీహెచ్‌డీ చేసి, 1949లో ఇండియాకు వచ్చి, ఉద్యోగం దొరక్క మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1968లో నోబెల్ వచ్చేసరికి ఆయన అమెరికా పౌరుడు. 1958లో కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ 'సైంటిస్ట్స్ పూల్' పెట్టింది. తిరిగొచ్చినవాళ్ళను ఉద్యోగం దొరికేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టే పథకం. ఇప్పటి ఫెలోషిప్పుల్లోనూ ఆ తాత్కాలికమే కొనసాగుతోంది.

దక్షిణ కొరియా వేరేలా చేసింది. 1966లో కిస్ట్ అనే పరిశోధన సంస్థ పెట్టి, అమెరికాలో ఉన్న తమవాళ్ళను పిలిచి, ఇల్లు, మంచి జీతం, పనిలో స్వేచ్ఛ ఇచ్చింది. విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ల కంటే ఎక్కువ జీతమని అక్కడా గొడవైంది. కానీ వచ్చినవాళ్ళు నిలిచారు.

మన హైదరాబాద్‌లోనూ చూడండి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1981లో అమెరికా నుంచి వచ్చి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నిలబెట్టారు. లాల్జీ సింగ్ 1987లో ఎడిన్‌బరో నుంచి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చి ఇక్కడ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పునాది వేశారు. వాళ్ళు నిలిచింది సంస్థ ఉండబట్టే. పని చేసుకునే చోటు ఉంటే చాలామంది తక్కువ జీతానికైనా వస్తారు.

ఓరుగల్లు మాస్టారు:
కొరియా సంగతి బాగుంది, కానీ వాళ్ళు కొత్త సంస్థ కట్టి అందులోకి పిలిచారు. ఉన్న పోస్టుల్లోంచి కోసి ఇవ్వలేదు. మన దగ్గర అడిగేది ఉన్న పోస్టుల్లో వాటా. ఆ తేడా చాలా పెద్దది.

అట్లాంటా అక్క:
ఇంకో అడ్డంకి ఎవరూ చెప్పలేదు. నాలాగా అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే గుర్తింపు) ఉన్నా, కేంద్రం ప్రత్యేకంగా అనుమతించినవి తప్ప ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హత లేదు. మళ్ళీ భారత పౌరసత్వం కావాలంటే ఓసీఐగా ఐదేళ్ళు ఉండి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే నివసించాలి. పోస్టులు పక్కన పెట్టినా మాలో చాలామందికి అందవు.

పెన్నాతీరం:
మాస్టారు గారూ, మీ మాట చదివాక నా ప్రశ్ననే మార్చి అడుగుతున్నాను. ఖాళీలన్నీ ఏటా, ఒకే తేదీకి నోటిఫై చేసి, మీకూ నాకూ ఒకే ఇంటర్వ్యూ, ఒకే మెరిట్ జాబితా పెడితే? మీరు పాఠం చెప్పిన ఏళ్ళకు మార్కులు, నా పరిశోధనకు మార్కులు. తిరిగొచ్చినవాళ్ళకు విడిగా ఇవ్వాల్సింది ల్యాబ్ పెట్టుకోవడానికి మొదటి గ్రాంటు మాత్రమే. అది కూడా ఆ విభాగంలో అందరూ వాడుకునే పరికరాలకు. పోస్టు కాదు, జీతం కాదు.

అలాగే నా ఫెలోషిప్ ఐదేళ్ళూ మీ విభాగంలో గడిస్తే, ఆ కాలమంతా సర్వీసుగా లెక్కేయాలి. మీ కాంట్రాక్టు సర్వీసును కూడా అలాగే లెక్కేయాలి. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఎగ్గొడితే నేనే ఒప్పుకోను.

ఓరుగల్లు మాస్టారు:
ఏటా నోటిఫికేషన్ అన్నావు చూడు, దానికైతే నేను సంతకం పెడతాను. పోటీలో నువ్వు గెలిస్తే చప్పట్లు కూడా కొడతాను. కానీ ముందు కాంట్రాక్టు సర్వీసుకు మార్కులు ఖాయం కావాలి, గైడ్‌షిప్ ఇవ్వాలి. అవి కాగితం మీదకు వచ్చాకే నీ గ్రాంటు మాట. వచ్చే వారం మా సంఘం ఉన్నత విద్యామండలికి వినతిపత్రం ఇస్తోంది. సర్వీసు లెక్క గురించి నువ్వు రాసిన పేరా అందులో చేర్చమంటావా?